ఏడో వరసలో ఖాళీ

వరి సారు పోయారు. ఆ కబురు నాకు చేరేసరికి ఆయన పోయి ఐదు రోజులైంది.

మిరప నారుకు మందు కొందామని వినుకొండ వెళ్ళాను. విత్తనాల కొట్టు మస్తాన్ పొట్లం కడుతూ, దారం పళ్ళతో తెంపుతూ, మామూలుగా అన్నాడు.

"ఏం బాబాయ్, మీ వరి సారు పోయాడంటగా?"

"ఎక్కడికి?" అన్నాను. నిజంగానే అడిగాను. ఆయన ఎప్పుడూ ఎక్కడికో ఒకచోటికి పోతూ ఉండే మనిషే.

మస్తాన్ దారం వదిలేసి నా మొహంలోకి చూశాడు. "నీకు తెలవదా? మా బావమరిది అత్తగారిల్లు పెదకాకానే. సారోళ్ళ వీధే. పొద్దున లేచి మొహం కడుక్కుంటా పడిపోయాడంట. నీకు తెలుసులే అనుకున్నా బాబాయ్."

యూరియా బస్తా మీద కూర్చున్నాను. మస్తాన్ మంచినీళ్ళిచ్చాడు. కొట్టుకు వచ్చిన వాళ్ళెవరో "ముసలాయనకు ఎండ దెబ్బా?" అని అడిగారు. అవునన్నాను. అంతకంటే చెప్పేదేముంది?

ఆయన పేరు రాయను. మా ఊళ్ళో ఆయన పేరు ఎవరికీ తెలియదు. ప్రభుత్వ వరి ఫారంలో కొత్త వంగడాలు తీసే ఆఫీసరు కాబట్టి వరి సారు. అంతే. సాగర్ కుడి కాలవ చిట్టచివర, దర్శికీ వినుకొండకీ మధ్య మాది ఒక ఊరు. మా దాకా వచ్చేసరికి కాలవకు గుర్తుండేది తాను కాలవనన్న సంగతి మాత్రమే. నీళ్ళు అందిన ఏడు వరి, అందని ఏడు మిరప, ఆశ ఎక్కువైన ఏడు పత్తి. పత్తికి తెల్లదోమ పట్టి మందు డబ్బాలు తప్ప ఇంటికేమీ రాని రోజుల్లో కూడా, నాకున్న కాస్త మాగాణిలో నేను విత్తనపు వరి పండించేవాణ్ణి.

విత్తనపు మడి అంటే ఏమిటో తెలియని వాళ్ళ కోసం ఒక మాట. అందులో అన్ని దుబ్బులూ ఒకే ఎత్తున, ఒకే రంగులో, ఒకే రోజున ఈనాలి, అంటే కంకి వెయ్యాలి. తేడాగా ఉన్న దుబ్బును మేం కేళీ అంటాం. కేళీలను వేళ్ళతో సహా పీకి పారెయ్యాలి. లేకపోతే తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరు మడి మొత్తం పనికిరాదని రాసి పోతాడు. కేళీలు ఏరడంలో నాకు చుట్టుపక్కల పేరుంది. పొద్దు ఏటవాలుగా ఉన్నప్పుడు గట్టు మీద నిలబడితే చాలు, ఎకరంలో ఎక్కడ ఏ దుబ్బు బెత్తెడు పొట్టిగా ఉందో చెప్పేస్తాను. ఆ పేరే నా కొంప ముంచింది. ఆయన కొంప కూడా.

అసలు నేను చదువుకున్నవాణ్ణి కాదు. అక్షరాలు వచ్చాక నేను చదివినదంతా పొట్లాల కాగితాలే. బెల్లం పొట్లం విప్పి పేపరు చదివేవాణ్ణి, చింతపండు పొట్లం విప్పి కథ చదివేవాణ్ణి. అందుకే నాకు చాలా కథల మధ్యభాగాలు తెలుసు, మొదలూ చివరా తెలియవు. ఈ సంగతి మొదటిసారి చెప్పినప్పుడు సారు నవ్వలేదు. "నా పనీ అంతేనయ్యా. వరి కథలో ఒక ముక్క నా చేతికి వచ్చింది" అన్నారు.

ఆయన మా ఊరు రావడానికి కారణం మా దరిద్రమే. ఫారంలో అడిగినప్పుడల్లా నీళ్ళున్నాయి. "అక్కడ అన్నీ బాగానే పండుతున్నాయి. నీళ్ళు అందీ అందని చోట ఏది నిలబడుతుందో చూడాలి. మీ ఊరంత అన్యాయమైన ఊరు ఇంకొకటి దొరకలేదు" అన్నారు. నా మడిలో ఒక మూల పది సెంట్లు తీసుకున్నారు. అలా దాదాపు పదేళ్ళు, పంట పంటకీ బస్సు దిగి నడిచి వచ్చేవారు. భుజాన సంచి, అందులో కళ్ళజోడు పెట్టె. ఆ పెట్టెలో కళ్ళజోడు మాత్రం ఉండేది కాదు. చిన్న కత్తెర, సన్నటి పట్టకారు, ఒక భూతద్దం ఉండేవి. కళ్ళజోడు చొక్కా జేబులో పడి గీతలు పడుతూ ఉండేది.

చెప్పులు గట్టు మొదట్లో విడిచేవారు. కంకిని కోసేవారు కాదు, ముందు అరచేతిలో పెట్టుకుని కళ్ళు మూసుకుని బరువు చూసేవారు. మా ఇంట్లో అన్నం తింటే మొదటి మెతుకును రెండు వేళ్ళ మధ్య నలిపి చూశాకే ముద్ద కలిపేవారు. మా ఆవిడకది మొదట్లో నచ్చలేదు. "ఏందయ్యా, నా అన్నంలో రాళ్ళున్నయ్యనా?" అని నన్ను నిలదీసింది. ఆయనకు వినపడింది. "రాళ్ళు కాదమ్మా, వాళ్ళ నాన్న పోలికో అమ్మ పోలికో చూస్తున్నాను" అన్నారు. ఆ తర్వాత ఆయన వచ్చిన రోజు మా ఆవిడ అన్నం వడ్డించి, ముందు మెతుకు ఫలితం చెప్పేదాకా కూర వెయ్యకుండా నిలబడేది.

సంకరం చేసే పని మా ఊళ్ళో ఒక తిరునాళ్ళలా ఉండేది. గొడుగు కింద పీట వేసుకుని, ఈనిన కంకిలో ఒక్కో గింజ మొన కత్తిరించి, లోపలి ఆరు కేసరాలూ పట్టకారుతో తీసేసేవారు. తీసి కాగితపు సంచి తొడిగేవారు. మర్నాడు పూలు విచ్చే వేళకు ఇంకో రకం కంకి తెచ్చి దాని మీద దులిపేవారు. నాట్ల ముఠా మేస్త్రి కోటమ్మ ఒకరోజు నడుం మీద చేతులు పెట్టుకుని చూస్తూ నిలబడింది.

"ఏం చేత్తండావు సారూ, పొద్దుగూకులూ?"

"దీంట్లో మగతనం తీసేస్తున్నానమ్మా."

కోటమ్మ ఒక్క క్షణం ఆలోచించింది. "ఆ కత్తెర ఇటియ్యి సారూ. మా ఇంటికాడ ఒకడున్నాడు."

ముఠా మొత్తం గట్టు మీద కూలబడి నవ్వారు. ఆయన చేతిలో పట్టకారు జారి బురదలో పడింది. దానికోసం అందరం అరగంట వెతికాం.

నాకు ఆయన నేర్పిన పాఠం ఇది. రెండు రకాలను కలిపితే మొదటి పంటలో మొక్కలన్నీ ఒకే మాట మీద ఉంటాయి. వాటి గింజలు మళ్ళీ చల్లితే, "రెండో పంటలో తాతలందరూ లేచొస్తారయ్యా" అనేవారు. నిజమే. ఆ రెండో పంట మడి చూస్తే సంతలా ఉంటుంది. పొడుగు, పొట్టి, పిలకలు ఎక్కువ, కంకి చిన్నది, కంకి పెద్దది గానీ సగం గింజ పట్టని తాలు. ఏ రెండూ ఒకేలా ఉండవు. అందులోంచి మంచివి ఏరి, విడివిడిగా వరసలు వేసి, మళ్ళీ ఏరి, ఏడెనిమిది పంటలు ఇదే పని. చివరికి అన్నీ ఒకేలా ఉండే రకం ఒకటి నిలబడుతుంది. "ఎన్ని గింజలు పెట్టిందని చూడకు. ఎన్నిటికి అన్నం పెట్టిందో చూడు" అనేవారు. కంకి నిండా గింజలుండి అందులో సగం తాలైతే ఆయనకు కోపం వచ్చేది. మొక్క మీద కాదు, దాన్ని ఏరిన తన మీద.

నాకు కేళీ కన్ను ముందే ఉన్నా, దానికి పదును పెట్టింది ఆయనే. కంకి పక్కనుండే పోటాకు ఎంత నిటారుగా ఉంది, కణుపు దగ్గర రంగేమిటి, కాండం వేళ్ళ మధ్య నొక్కితే ఎలా ఉంది, అన్నీ నేర్పారు. నేర్చుకున్నాను. బాగా నేర్చుకున్నాను.

ఆయన రిటైరయ్యే ముందు ఏడాది ఒక రకం దాదాపు నిలబడింది. దానికి పేరు లేదు, నంబరు మాత్రమే. పన్నెండు వరసలు మా మడిలో. ఆ పంటకాలంలోనే పై ఆఫీసర్లు చూడడానికి వస్తున్నారు. వాళ్ళకు నచ్చితే రైతులకు చిన్న సంచుల్లో పంచి చూస్తారు. నచ్చకపోతే, ఆయన ఉద్యోగం మొత్తానికి పొలంలోకి వెళ్ళిన రకం ఒక్కటీ లేకుండా ఇంటికి వెళ్తారు. ఈ సంగతి ఆయన నాకు చెప్పలేదు. ఫారం జీపు డ్రైవరు చెప్పాడు.

వాళ్ళను తీసుకురావడానికి సారు ముందురోజు గుంటూరు వెళ్ళారు. సాయంత్రం పొద్దు ఏటవాలుగా ఉండగా నేను గట్టు మీద నిలబడ్డాను. పన్నెండు వరసలూ దువ్వినట్టున్నాయి. ఏడో వరసలో ఒక్క దుబ్బు. బెత్తెడు పొట్టి. ముదురు పచ్చ. మిగతావి ఈని వారం దాటితే అది అప్పుడే కంకి బయటపెడుతోంది. రేపు పెద్దవాళ్ళ కళ్ళు సూటిగా దాని మీదే పడతాయి.

చెప్పులు విడిచి మడిలోకి దిగాను. చాలా గట్టిగా పట్టుకుని ఉంది, రెండుసార్లు లాగాల్సి వచ్చింది. కాండం నా చిటికెన వేలంత లావుంది. అది కూడా చూశాను. చూసి, కేళీ అని ఇంకా గట్టిగా నమ్మాను. అడుగు జాడలు చేత్తో మెత్తి, దుబ్బు తెచ్చి గేదె ముందు పడేశాను. ఆ రాత్రి నాకు మంచి నిద్ర పట్టింది.

మర్నాడు ఆఫీసర్లు వచ్చారు, చూశారు, మెచ్చుకున్నారు. "ఎంత సమంగా ఉందండీ" అన్నాడొకాయన. నా ఛాతీ పొంగింది. సారు ఏడో వరస దగ్గర నిలబడి ఉన్నారు. వాళ్ళు కొబ్బరినీళ్ళు తాగి జీపెక్కి వెళ్ళేదాకా అక్కణ్ణుంచి కదల్లేదు. వెళ్ళాక అడిగారు.

"ఇక్కడొక దుబ్బుండాలి కదయ్యా."

"కేళీ సార్. నిన్న నేనే తీసేశా."

ఆయన మెల్లగా గట్టు మీద కూర్చున్నారు. "ఎక్కడేశావు?"

చెప్పాను. ఆ వయసులో ఆయన పరిగెత్తడం నేను చూసింది అదే మొదటిసారి. కండువా జారి మడిలో పడింది, ఆగలేదు. నేను వెనకాల పరిగెడుతూ "ఏమైంది సార్, ఏమైంది" అంటున్నాను. గేదె కంకులు తినేసింది, ఆకులు తినేసింది. బురద అంటుకున్న మొదలు మాత్రం నచ్చక కుడితి తొట్టి పక్కన వదిలేసింది.

ఆయన మొదలును రెండు చేతుల్లో పట్టుకుని మా పశువుల కొట్టంలో నిలబడ్డారు. అప్పుడు చెప్పారు. పోయిన నెల కాలవ ఆగిపోయి మడి నెర్రెలిచ్చినప్పుడు పన్నెండు వరసలూ ఆకులు చుట్టుకున్నాయి. ఆ ఒక్క దుబ్బు చుట్టుకోలేదు. ఆ కాండం ఎంత కంకినైనా మోస్తుంది. పొట్ట దశలో తడిమి చూస్తే లోపల కంకి ఆయన ఇన్నేళ్ళలో చూడనంత ఉంది. గాలికి ఏ పుప్పొడి వచ్చి పడిందో, గింజలోనే ఏ మార్పు జరిగిందో తెలియదు.

"మళ్ళీ చెయ్యలేమా సార్?"

"ఎలా వచ్చిందో తెలిస్తే కదయ్యా మళ్ళీ చెయ్యడానికి."

"నాకో మాట చెప్పొచ్చుగా సార్! ఒక చీటీ అయినా కట్టొచ్చుగా!" నాకు ఏడుపొచ్చి కోపంలా బయటికొచ్చింది.

"చీటీ కడితే వచ్చినవాడల్లా తాకుతాడు. గింజ చూడకుండా నీకు మాత్రం ఏం చెప్పను?" అన్నారు. చేతిలోని మొదలు మీది బురద తుడుస్తూ, "నీ తప్పేం లేదు. తేడా కనిపెట్టడం నేర్పాను. కనిపెట్టాక ఏం చెయ్యాలో నేర్పలేదు" అన్నారు.

తిట్టి ఉంటే బాగుండేది. ఆ తిట్టు కోసం నేను ఆయన పోయేదాకా ఎదురుచూశాను.

కిరసనాయిలు డబ్బా సగానికి కోసి, బురద నింపి మొదలు నాటాం. వరి మోడు మళ్ళీ పిలకలేస్తుంది, మీకు తెలిసిందే. గుంటూరు బస్సులో డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. నేను సాగనంపడానికి వెళ్ళి కిటికీ పక్కన నిలబడ్డాను.

"ఏంది సార్ అది, బురద కారతంది? పైనెయ్యండి" అన్నాడు కండక్టరు.

"పేషెంటయ్యా. పైనెయ్యకూడదు."

కండక్టరు వంగి డబ్బాలోకి చూశాడు. రెండు అంగుళాల మోడు. "ఆశ లేదు సార్" అన్నాడు. అని, పక్క సీటులో కూర్చున్నాయన్ను లేపి డబ్బాకు చోటిచ్చాడు.

రెండు పిలకలు వచ్చాయి. ఒకటి వారంలో పసుపెక్కి పోయింది. రెండోది బతికింది. ఆయన వారానికో కార్డు రాసేవారు, రోగి కబురు రాసినట్టే. నాలుగాకులు. ఐదాకులు. పొట్ట పోసుకుంది. ఈనింది. ఆ కార్డు చూసి గుంటూరు వెళ్ళాను. క్వార్టరు వరండాలో డబ్బా చుట్టూ దోమతెర కట్టి ఉంది. ఆయన పడుకునే మంచానికి తెర లేదు.

కంకి పూర్తిగా బయటికి వచ్చింది. తెల్లగా వచ్చింది. ఎక్కడి నుంచి వచ్చిందో ఒక్క పురుగు, ఆ ఒక్క కాండాన్నీ లోపల తొలిచేసింది. తెల్లకంకిని మీరెప్పుడైనా లాగి చూశారా? లాగక్కర్లేదు, పట్టుకుంటే ఊడొస్తుంది. ఆయన పట్టుకున్నారు, ఊడొచ్చింది. అలవాటు కొద్దీ అరచేతిలో పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. తర్వాత నా చేతిలో పెట్టారు. దానికి బరువే లేదు.

ఆ సమంగా ఉన్న రకం సంచులకెక్కింది. రైతులకు పంచారు. మొదటి పంట బాగా పండింది. రెండో పంటలో దోమ పట్టింది. మామూలు మడిలో దోమ పడితే అక్కడో సుడి, ఇక్కడో సుడి ఎండుతుంది. ఇది గట్టు నుంచి గట్టు దాకా ఎండింది. అన్నీ ఒకేలా ఉన్నాయి కాబట్టి అన్నీ ఒకేలా పోయాయి. "వరసలు చక్కగా దిద్ది దోమకు విస్తరి వేశానయ్యా" అన్నారు. అప్పటికి రిటైరయ్యారు. పెదకాకానిలో చిన్న ఇల్లు అద్దెకు తీసుకుని ఉండేవారు. పొద్దున్నే ఎవరి పొలమో చూడకుండా గట్ల మీద తిరిగేవారు. రైతులు మొదట అనుమానపడేవారు, తర్వాత వదిలేశారు. ఏం వెతుకుతున్నారని ఎవరైనా అడిగితే "నాది ఒకటి తప్పిపోయింది" అనేవారట. ఆవో గేదో అనుకుని వాళ్ళూ వెతికేవారు.

చివరిసారి మా ఊరు వచ్చినప్పుడు రెండు కళ్ళలోనూ శుక్లాలు. నా భుజం పట్టుకుని గట్టు మీద నడిచారు. "నాకు మసగ్గా ఉంది. ఏముందో నువ్వు చెప్పు" అన్నారు. చెప్పడం మొదలుపెట్టాను. పచ్చగా ఉంది సార్, సమంగా ఉంది సార్, పిలకలు బాగున్నాయి సార్. ఆయన ఓపిగ్గా విన్నారు. "అది కాదయ్యా. వీటిలో లేనిది ఏముందో చెప్పు" అన్నారు. నేను చూశాను. చాలాసేపు చూశాను. నాకు మడి కనిపించింది, అంతే. ఆయన నా భుజం తట్టి "పద, అన్నం తిందాం" అన్నారు.

కబురు తెలిసిన మర్నాడు పెదకాకాని వెళ్ళాను. ఐదారు రోజుల కిందట పోయిన మనిషికి ఎదురుగా నిలబడి ఏం చెయ్యాలో నాకు తెలియదు. అమ్మగారు చాప వేశారు.

"వినుకొండ వైపు రైతు మీరేనా? మీ గురించి ఎప్పుడూ చెప్పేవారు" అన్నారావిడ.

ఏం చెప్పారోనని చాప అంచు పట్టుకున్నాను.

"ఏదో మంచి దుబ్బు దొరికిందట కదండీ మీ పొలంలో. గేదె తాడు తెంచుకొచ్చి మేసేసిందటగా. అది తలుచుకుని, మీరెంత బాధపడ్డారో చెప్పేవారు. పశువు కదండీ, దానికేం తెలుస్తుంది?"

మా గేదె తన జన్మలో తాడు తెంచుకోలేదు. కట్టుకున్నావిడ దగ్గర కూడా ఆయన నా తప్పు బయటపెట్టలేదు. నిజం చెబుదామని నోరు తెరిచాను. ఆవిడ మజ్జిగ గ్లాసు చేతికిచ్చారు. తాగాను. ఆయన చెప్పిన మాటను ఆయన లేనప్పుడు అబద్ధం చెయ్యడానికి నాకు నోరు రాలేదు. వచ్చేశాను.

ఇది జరిగి పదిరోజులైంది. నిన్న మా విత్తనపు మడిలో కేళీలు తీసే పని. ఇన్‌స్పెక్టరు రేపు వస్తాడు. కోటమ్మ ముఠాతో దిగింది. నేను గట్టు మీద నిలబడి చెయ్యి చూపిస్తే వాళ్ళు పీకాలి, ఎప్పటి పద్ధతే. నా కన్ను ఇంకా పనిచేస్తోంది. దిగీ దిగకముందే కనిపించింది. పొట్టిది కాదు, పొడుగుది. ఆకు కొంచెం సన్నం. మంచిదో చెడ్డదో నాకు తెలియదు. పట్టుకుని చెప్పగలిగిన మనిషి లేరు. నూటికి తొంభై తొమ్మిదిపాళ్ళు అది ఉత్త కేళీయే అయ్యుంటుంది. ఆ మిగిలిన ఒక్కపాలే నన్ను గట్టుకు కట్టేసింది.

కోటమ్మ నా చూపు పోయిన చోటికి నడిచి, వంగి, దుబ్బు మొదట్లో చెయ్యి వేసింది.

"ఇదేనా మావా? పీకమంటావా?"

నా చూపు ఆ సన్నటి ఆకు మీదే ఉంది.

"ఏంది మావా, నీళ్ళలో కాళ్ళు నానతన్నయ్. పీకమంటావా, ఉంచమంటావా? ఏదో ఒకటి చెప్పు."

ముఠా అంతా పని ఆపి నా నోటి వంకే చూస్తున్నారు. కోటమ్మ పిడికిలి బిగించలేదు, వదలలేదు. అలాగే వంగి ఉంది.

"చెప్పు మావా" అంది మళ్ళీ, ఈసారి మెల్లగా.